ట్రాన్స్‌పోర్టర్ బ్రిడ్జి మీద నది దాటడం ఎలా ఉంటుంది?

ప్రశ్న: ఆవలిగట్టు

ఓడరేవుల చరిత్ర చదువుతూ ఉండగా ట్రాన్స్‌పోర్టర్ బ్రిడ్జి అనే నిర్మాణం గురించి కొన్ని పేజీలు కనబడ్డాయి. వాటిని బట్టి నేను అర్థం చేసుకున్నది ఇది. నదికి రెండు గట్ల మీదా ఎత్తైన ఉక్కు గోపురాలు ఉంటాయి. వాటిని కలుపుతూ చాలా ఎత్తున ఒక దూలం ఉంటుంది. ఆ దూలానికి అమర్చిన పట్టాల మీద చక్రాల బండి ఒకటి నడుస్తుంది, దాని నుంచి ఉక్కు మోకులతో ఒక వేదిక దాదాపు గట్టు మట్టానికి వేలాడుతూ ఉంటుంది. మనుషులూ వాహనాలూ ఆ వేదిక ఎక్కితే పైబండి కదులుతుంది, దానితోపాటు వేదికా కదిలి వారిని అవతలి ఒడ్డున దింపుతుంది.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. అంత ఎత్తున దూలం కట్టగలిగినవారు దాని మీదనే రోడ్డు వేయకుండా, విడతకు కొందరిని మాత్రమే దాటించే ఈ పద్ధతిని ఎందుకు ఎంచుకున్నారు? రెండవ సందేహం నాకు ఇంకా ముఖ్యమైనది. దాటేవారికి అది వంతెన మీద వెళ్తున్నట్లు ఉంటుందా, పడవలో వెళ్తున్నట్లు ఉంటుందా? ఫోటోలు ఎన్ని చూసినా ఆ సంగతి తెలియడం లేదు. స్వయంగా దాటినవారు ఉంటే కదలిక, శబ్దం, ఎత్తు, భయం వీటి గురించి కాస్త వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: ఉక్కుదూలం

ఆవలిగట్టు గారూ, నేను ఇంతవరకు ఏ ట్రాన్స్‌పోర్టర్ బ్రిడ్జినీ దాటలేదు కాబట్టి రెండవ ప్రశ్నను దాటినవారికే వదిలేస్తాను. మొదటిది మాత్రం నేను ఏళ్ల తరబడి ఇష్టంగా చదువుకున్న విషయం.

దూలం మీద రోడ్డు వేయడం పెద్ద కష్టం కాదు, ఆ రోడ్డును అంత ఎత్తుకు చేర్చడమే కష్టం. 19వ శతాబ్దం చివర ఈ వంతెనలు పుట్టిన చోట్లు చాలావరకు ఓడరేవులే. పొడవైన తెరచాప స్తంభాలున్న ఓడలు ఆ నదుల్లో పైకి వచ్చేవి, వాటికి దారి ఇవ్వాలంటే వంతెన నీటికి సుమారు 45 మీటర్ల ఎత్తున ఉండాలి. గట్లు కొండగట్లయితే ఇబ్బంది లేదు, కానీ ఇవి చదునైన నేలలు. గుర్రపు బండి ఎక్కగలిగేలా ముప్పైకి ఒకటి చొప్పున ఏటవాలు ఇచ్చారనుకుంటే, ఒక్కొక్క గట్టు మీద 1,350 మీటర్ల పొడవైన ఎక్కుడు దారి కట్టవలసి వస్తుంది. ఊరి మధ్యలో అంత స్థలం ఎక్కడ దొరుకుతుంది? జర్మనీలోని రెండ్స్‌బుర్గ్ దగ్గర కీల్ కాలువ మీద 1913లో ఎత్తైన రైలు వంతెన కట్టినప్పుడు, రైలు అంత ఎత్తుకు ఎక్కడానికి ఊరి చుట్టూ పెద్ద వలయంగా పట్టాలు వేసి, తన దారిని తానే పైనుంచి దాటేలా చేయవలసి వచ్చింది. ఎత్తు ఎంత ఖరీదైనదో ఆ ఒక్క వలయాన్ని చూస్తే తెలుస్తుంది.

తెరుచుకునే వంతెనలు అప్పటికే ఉన్నాయి. కానీ ఓడ వచ్చిన ప్రతిసారీ రోడ్డు ఆగిపోతుంది, పైగా చాలా వాటికి నది మధ్యలో స్తంభం కావాలి. ఇక పడవల సంగతికి వస్తే, వేల్స్‌లోని న్యూపోర్ట్ పట్టణం మంచి ఉదాహరణ. అక్కడి అస్క్ నదిలో సముద్రపు పోటుకూ పాటుకూ నీటి మట్టంలో వచ్చే తేడా ప్రపంచంలోనే అత్యధికమైన వాటిలో ఒకటి. పాటు వేళ గట్ల దగ్గర ఒండ్రు తప్ప మరేమీ మిగలదు, పడవ నడవదు. పడమటి గట్టున ఉన్న కార్మికులు తూర్పు గట్టున ఉన్న ఉక్కు కర్మాగారానికి రోజూ వెళ్లాలి. అందుకే అక్కడి పట్టణ ఇంజనీరు రాబర్ట్ హేన్స్ ఫ్రాన్స్‌లో ఫెర్డినాండ్ ఆర్నోదాఁ కట్టిన ఇటువంటి వంతెనలను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గాన్ని సూచించాడు. ఆ వంతెన 1906 సెప్టెంబరులో మొదలైంది.

ఈ ఊహ అంతకు ముందే, 1870లలోనే, ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌కు చెందిన చార్లెస్ స్మిత్‌కు వచ్చింది, కానీ అప్పట్లో ఎవరూ కట్టలేదు. మొదట కట్టినది స్పెయిన్‌లో, బిల్బావో దగ్గర నెర్వియోన్ నది మీద, 1893లో. దానిని రూపొందించినవాడు అల్బెర్తో ది పలాసియో. మోకుల పనిలో ఆరితేరిన ఆర్నోదాఁ అతనితో కలిసి పనిచేశాడు.

చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. రోడ్డు వంతెన తన పొడవునా నిండిన వాహనాల బరువును ఒకేసారి మోయాలి, ట్రాన్స్‌పోర్టర్ దూలం మోయవలసినది ఒక్క వేదిక బరువునే. కాబట్టి అదే వెడల్పు నదికి చాలా తేలికైన ఉక్కు అల్లిక సరిపోతుంది. మీరు ఫోటోలలో చూసిన ఆ సన్నదనం అందం కోసం తెచ్చిపెట్టినది కాదు. నా దృష్టిలో ఇది నీటి నుంచి పైకెత్తి గాలిలో వేలాడదీసిన బల్లకట్టు. తాడు పట్టుకుని ఇటూ అటూ లాగే బల్లకట్టు సూత్రమే ఇక్కడా ఉంది, తాడు మాత్రం ఆకాశంలోకి వెళ్లింది.

జవాబు: నీటిదారి

ఉక్కుదూలం గారి వివరణ చదివాక నా అనుభవం రాయాలనిపించింది. అయితే బల్లకట్టు అన్న పోలికతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఎందుకో చెబుతాను.

నేను మొదట దాటినది ఆ స్పెయిన్ వంతెననే. ఒక గట్టున పోర్తుగలెతె, మరొక గట్టున లాస్ ఆరెనాస్. గోపురాల మధ్య దూరం 160 మీటర్లు. వేదిక మధ్యలో వాహనాలు నిలుస్తాయి, రెండు పక్కలా ప్రయాణికులకు అద్దాల కిటికీలున్న గదులు ఉంటాయి. పగలూ రాత్రీ నడుస్తుంది, దాటడానికి పట్టేది సుమారు ఒకటిన్నర నిమిషం. దాని గురించి ఎంతో చదివి వెళ్లినందువల్ల నేను ఎక్కిన క్షణం నుంచి ఊపిరి బిగపట్టుకుని ఉన్నాను. గేటు మూసుకుంది. ఆ తరువాత ఏదో జరుగుతుందని ఎదురుచూస్తూ ఉండగానే, గట్టు మీది మనుషులు మెల్లగా వెనక్కి జరుగుతున్నట్లు కనిపించింది. బయలుదేరిన సంగతి కళ్లకు తెలిసింది గాని కాళ్లకు తెలియలేదు.

పడవకూ దీనికీ ఉన్న అసలు తేడా అక్కడే నాకు తట్టింది. నీళ్లు కాళ్ల కింద అంత దగ్గరగా ఉన్నప్పుడు మన శరీరం తనంతట తానే ఊగడానికి సిద్ధపడుతుంది, మోకాళ్లు కొద్దిగా వంగుతాయి. కానీ ఊపు రాదు. ఒక చిన్న పడవ మా పక్క నుంచి వెళ్లి అలలు లేపింది. అలలు వచ్చి వేదిక కిందుగా పోయాయి, మాకు ఏమీ తగలలేదు. నది మీద ఉండి కూడా నదికి అందకుండా ఉండడం అనే ఆ భావం నాకు మరెక్కడా కలగలేదు. శబ్దం కూడా అంతే. ఇంజను చప్పుడు మన దగ్గర ఉండదు, ఎక్కడో నెత్తి మీద, చాలా పైన, చక్రాలు పట్టాల మీద దొర్లే గరగర మాత్రం సన్నగా వినిపిస్తుంది. మనల్ని మోస్తున్నది మనకు కనబడదు.

వంతెన మీద నడిచేటప్పుడు మన నడక మన చేతిలో ఉంటుంది. ఆగవచ్చు, వంగి నీళ్లు చూడవచ్చు, వెనక్కి తిరగవచ్చు. ఇక్కడ ఆ స్వేచ్ఛ లేదు. గేటు మూసుకుంటుంది, పరిచయం లేని మనుషులు ఒకరి పక్కన ఒకరు మౌనంగా నిలబడతారు, గేటు తెరుచుకునేసరికి మరొక చోట ఉంటారు. అందుకే నన్ను అడిగితే, దీనికి దగ్గరి పోలిక లిఫ్టు. నిలువుగా కాక అడ్డంగా వెళ్లే లిఫ్టు. నాతోపాటు ఎక్కిన స్థానికులలో ఎవరూ తల ఎత్తి పైకి చూడలేదు. సైకిలు పట్టుకుని నిలబడిన ఒక పెద్దాయన గేటు తెరుచుకునే క్షణానికి సరిగ్గా హ్యాండిలు సరిచేసుకున్నాడు. వారికి అది ఒక వీధి దాటడం. యునెస్కో 2006లో ఆ వంతెనను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది, కానీ దానిని నిజంగా బతికిస్తున్నది ఆ పెద్దాయన లాంటి వారి రోజువారీ అవసరమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

తరువాత లిఫ్టులో పైకి వెళ్లి దూలం మీది నడక దారిలో నదిని మళ్లీ దాటాను. ఇది పూర్తిగా వేరే అనుభవం. సుమారు 50 మీటర్ల ఎత్తున గాలి విసురుగా ఉంటుంది, ఒక వైపు నది ముఖం, సముద్రం, మరొక వైపు ఊళ్ల పైకప్పులు. నేను మధ్యకు చేరేసరికి కింద వేదిక బయలుదేరింది. పైబండి దగ్గరకు వస్తున్నకొద్దీ కాళ్ల కింద సన్నని వణుకు పుట్టి, అది దాటిపోగానే ఆగిపోయింది. కింద ప్రయాణించినప్పుడు తెలియని కదలిక అంతా పైన తెలిసింది. అంతర్యుద్ధ కాలంలో, 1937లో, ఈ పై దూలాన్నే పేల్చివేశారు, 1941లో గాని మళ్లీ సేవ మొదలు కాలేదు. ఆ సంగతి గుర్తుకు వచ్చి కమ్మీని కాసేపు పట్టుకుని నిలబడ్డాను.

ప్రశ్న అడిగినవారు: ఆవలిగట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అడ్డంగా వెళ్లే లిఫ్టు అన్న మాటతో నా సందేహం చాలావరకు తీరింది. అయితే మోకులతో వేలాడే వేదిక ఊగకుండా ఎలా ఉంటుంది? గాలి బాగా వీస్తే ఏం చేస్తారు? ఇంత చక్కగా పనిచేసేవి ఎందుకు కనుమరుగయ్యాయో కూడా తెలుసుకోవాలని ఉంది.

జవాబు: ఉక్కుదూలం

మోకులను నిలువుగా మాత్రమే కాక ఏటవాలుగా, ఒకదానిని ఒకటి దాటేలా కూడా కడతారు. త్రిభుజాలు ఏర్పడతాయి కాబట్టి ఉయ్యాలలాగా ఊగే వీలు ఉండదు. గాలి మరీ ఎక్కువైతే సేవ ఆపేస్తారు.

జవాబు: రెండుగట్లు

కనుమరుగు కావడం గురించి నేను చెబుతాను. ప్రపంచం మొత్తంలో కట్టినవే ఇరవై పైచిలుకు, మిగిలినవి పదిలోపు. కారణాలు ఒక్కొక్క చోట ఒక్కొక్క రకం. ఇంగ్లండులో రన్‌కార్న్, విడ్నెస్ పట్టణాల మధ్య 1905లో కట్టిన వంతెన గోపురాల మధ్య సుమారు 1,000 అడుగుల దూరంతో వీటన్నిటిలోకీ పెద్దది. మోటారు వాహనాలు పెరిగాక గట్టు మీద వరుసలు కట్టి ఎదురుచూడవలసి వచ్చేది. 1961లో పక్కనే రోడ్డు వంతెన తెరిచాక దానిని తీసివేశారు. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ వంతెనను 1944లో యుద్ధం బలి తీసుకుంది. అమెరికాలోని డులూత్‌లో ఉన్నదానిని తరువాత పైకి లేచే వంతెనగా మార్చారు. అంటే విడతలుగా దాటించడమే వీటి ప్రాణం, అదే వీటి పరిమితి కూడా. మిడిల్స్‌బరోలో టీస్ నది మీద 1911లో మొదలైన వంతెన విడతకు తొమ్మిది కార్లను, 200 మందిని తీసుకువెళ్లగలిగేది. 2019 నుంచి అక్కడ ప్రయాణాలు లేవు. ఆ గోపురాలను కింద నిలబడి చూసినప్పుడు, వేదిక కదలకుండా ఉండడం నాకు చాలా బాధ కలిగించింది.

ఇవి ప్రమాదం లేనివి అని కూడా అనలేము. ఉక్కుదూలం గారు చెప్పిన రెండ్స్‌బుర్గ్ రైలు వంతెన కిందనే ఒక వేదిక కూడా వేలాడుతూ కాలువను దాటుతుంది. 2016 జనవరిలో అది ఒక సరుకుల ఓడకు ఢీకొని పాడైపోయింది. కొత్త వేదిక 2022లో వచ్చింది. ఓడ వస్తూంటే వేదిక గట్టు దగ్గరే ఆగి ఉండాలి, ఎందుకంటే ఈ వంతెనలు పుట్టిందే ఓడకు మొదటి హక్కు ఇవ్వడానికి. నేను కొత్త వేదిక మీద దాటినప్పుడు ముందుగా ఒక పెద్ద సరుకుల ఓడ వెళ్లిపోయే వరకు ఆగాము. ఆ ఆగడం నాకు ఎంతో నచ్చింది. గోడలాంటి ఓడ పక్క భాగం నెమ్మదిగా కదిలిపోతూ ఉంటే, వేదిక మీద ఉన్నవారందరూ మాటలు ఆపి దానినే చూశారు. తరువాత మేము కాలువ మధ్యకు చేరేసరికి నెత్తి మీద నలభై మీటర్లకు పైన రైలు వెళ్లింది. కింద నీళ్లు, పైన రైలు, మధ్యలో మోకులకు వేలాడుతూ మేము. నీటిదారి గారి లిఫ్టు పోలిక సరైనదే, కానీ ఓడ కోసం ఎదురుచూసే ఆ కొద్ది నిమిషాలలో మాత్రం అది రేవులో పడవ కోసం నిలబడినట్లే ఉంది. అందుకని బల్లకట్టు అన్న మాటను కూడా నేను పూర్తిగా వదులుకోలేకపోతున్నాను.

భయం గురించి అడిగారు. కింద వేదిక మీద భయపడడానికి ఏమీ లేదు, చిన్న పిల్లలు కూడా హాయిగా దాటుతారు. పై నడక దారి సంగతి వేరు. న్యూపోర్ట్‌లో నేను వెళ్లినప్పుడు పైకి 270కి పైగా మెట్లు ఎక్కవలసి వచ్చింది. మెట్ల సందుల్లోంచి గోధుమరంగు నీళ్లు కనిపిస్తూనే ఉంటాయి. ఎత్తంటే పడనివారు అక్కడ కిందికి చూడకుండా ఎదుటి మెట్టునే చూస్తూ ఎక్కడం మంచిది.

మీరు ఎప్పుడైనా వెళ్లాలనుకుంటే స్పెయిన్ వంతెనతో మొదలుపెట్టండి, అక్కడ ఏ వేళకు వెళ్లినా వేదిక నడుస్తూ ఉంటుంది. ఫ్రాన్స్‌లోని రోష్‌ఫోర్ దగ్గర షారాంత్ నది మీద 1900లో కట్టినది పాదచారులకూ సైకిళ్లకూ మాత్రమే, అది కూడా ఏడాది పొడవునా నడవదు కాబట్టి ముందుగా విచారించుకోండి. ఎక్కడికి వెళ్లినా మొదట కిందుగా ఒకసారి దాటి, పైదారి తెరిచి ఉంటే తిరుగు ప్రయాణం దాని మీదుగా చేయండి. పైన మధ్యకు చేరాక కింద వేదిక బయలుదేరే వరకు ఆగండి. దానిని చూడకుండా దిగి వచ్చేస్తే సగమే చూసినట్లు.