అప్‌డేట్: రాత్రిళ్లు ఉలిక్కిపడే మా కాక్‌టీల్ సంగతి తేలింది
మా కాక్‌టీల్ (చిలుక జాతి పెంపుడు పిట్ట) అర్ధరాత్రి పంజరంలో రెక్కలు కొట్టుకుంటోందని, పగలు చెయ్యి పెడితే కరుస్తోందని పోయిన నెల అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. విజయనగరంలో పశువుల డాక్టరుగారికి చూపిస్తే జబ్బేం లేదు, నిద్ర చాలట్లేదన్నారు. రోజూ 10 నుంచి 12 గంటలు పడుకోవాలట. మా హాల్లో టీవీ ఆగేదే పదకొండుకి! మీలో ఒకరు చెప్పినట్టు పంజరం వెనక గదిలోకి మార్చి, ఏడింటికల్లా మూడువైపులా గుడ్డ కప్పి, జీరో బల్బు వేశాం. ఆ బల్బుతోనే పనైంది. పూర్తి చీకట్లో బల్లి కదిలినా బెదిరిపోయేదన్నమాట. వారంలో కొట్టుకోవడం ఆగింది, కరవడం బాగా తగ్గింది. సలహాల్లో వచ్చిన మేత గింజలు మార్చడం, నులిపురుగుల మందు అనవసరమని తేలింది. అమ్మ తీసిన దిష్టి సంగతి మాత్రం నేను చెప్పలేను. పడుకునేముందు ముక్కు కరకరలాడించడం కూడా జబ్బు కాదట, హాయిగా ఉంటే అలాగే చేస్తుందట.