సపోర్ట్ కోచ్ మోడల్ మలుపులో పట్టాలు తప్పుతోంది, సాయం చేయండి

బ్రిటన్‌లో మెయిన్ లైన్ మీద తిరిగే పాత ఆవిరి ఇంజన్ల వెనకే సిబ్బంది, పనిముట్లు, నూనె డబ్బాలతో ఒక పెట్టె వెళ్తుంది కదా, ఆ సపోర్ట్ కోచ్‌ను ఓఓ స్కేల్లో (అసలు దానిలో 76వ వంతు సైజు మోడల్ రైలు) చేశాను. స్టేనియర్ బ్లాక్ 5 ఆవిరి ఇంజన్ వెనక మెరూన్ రంగు మార్క్ 1 బ్రేక్ కోచ్ (గార్డు గది ఉండే పెట్టె), గార్డు వైపు టెండర్‌కి, అంటే ఇంజన్ వెనకుండే బొగ్గు, నీళ్ల బండికి తగిలించాను. లోపల వైస్ బిగించిన చిన్న బల్ల కిటికీలోంచి కనిపిస్తుంటే ఎంత ముద్దుగా ఉందో!

438 మి.మీ. వ్యాసార్థం మలుపులోకి రాగానే టెండర్ పక్కనున్న చక్రాల ఫ్రేమ్ లోపలి వైపుకి పడిపోతోంది. అదీ వెనక ఏడు పెట్టెలు ఉన్నప్పుడే, ఈ కోచ్ ఒక్కదాన్నే లాగితే ఎంత స్పీడ్‌లో అయినా ఏమీ కాదు.

ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి వైపుల మధ్య దూరం 14.5 మి.మీ. సరిగ్గానే ఉంది. ఫ్రేమ్ స్క్రూ వదులు చేశాను, గార్డు వైపు 30 గ్రాముల సీసం పెట్టాను, కోచ్‌ను తిప్పి పెట్టాను, తేడా లేదు. బఫర్లు (పెట్టెల చివర ఉండే గుద్దుడు దిమ్మలు) కూడా తగలట్లేదు, మలుపులో ఆపి మధ్యలో కాగితం దూర్చి చూశాను. కప్లింగ్ (పెట్టెల్ని కలిపే కొక్కెం) చక్రాల ఫ్రేమ్‌కే ఉంది కాబట్టి లాగుడంతా దాని మీదే పడుతోందని నా అనుమానం, కానీ రంగులేసిన కోచ్‌ను కోయాలంటే టెన్షన్‌గా ఉంది.

ఇలాంటి మలుపుల్లో కప్లింగ్‌ను ఫ్రేమ్ నుంచి తీసి కోచ్ అడుగుకి బిగించినవాళ్లు ఉంటే చెప్పండి, పట్టాలు తప్పడం ఆగిందా?