ఈ వారం సమస్య: ఓడ దిగినవాఁడె యోడ నడిపె

అయ్యకోనేరు గట్టు (నిర్వహణ):
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్యను మా వీధి పెద్దాయన జ్ఞాపకంగా ఇస్తున్నాను.

ఓడ దిగినవాఁడె యోడ నడిపె

ఇది ఆటవెలది నాలుగో పాదం. దీనికి ముందు మూడు పాదాలు కూర్చి పద్యం పూర్తి చేయడమే పూరణ. ఐదూ సూర్యగణాలే (మూడు మాత్రల గణాలు), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) ఓ–యో. మూడో పాదం చివర సంధి కలిస్తే మొదటి అక్షరాన్ని నోడ, యోడ అని మార్చుకోవచ్చు.

విజయనగరంలో మా వీధివాళ్లందరికీ ఆయన నేవీ తాత. పోయిన నెల కన్నుమూశారు. 1971 యుద్ధం నాటికి ఆయన నౌకాదళంలో కొత్తగా చేరిన కుర్రాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఓడల ఇంజన్ రూముల్లో పనిచేసి, పెన్షన్ తీసుకుని ఇంటికొచ్చారు. ఇంజన్ల మోతకి ఒక చెవి మందగించింది. అయినా పక్కగదిలో పిల్లలెవరైనా శ్రుతి తప్పితే చాలు, "ఏటి బావూ, పంచమం కలవనేదా?" అనేవారు.

ఓడలో ఉన్నన్నాళ్లూ ఆయన జేబులో మౌత్ ఆర్గాన్ ఉండేదట. మనసు మాత్రం వీణ మీద. నావికుడికి దొరికేది పడుకోవడానికి ఒక బంకు, సామాను పెట్టుకోవడానికి ఒక లాకరు. అంత పెద్ద వాద్యాన్ని ఎక్కడ పెట్టుకుంటాడు? అందుకే ఉద్యోగం అయ్యాక ఇల్లు బాగు చేయించడం కన్నా ముందు బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లికి వెళ్లి, పనస దుంగను తొలిచి చేసే ఏకాండి వీణ ఒకటి చేయించుకున్నారు.

మాది ఫిడేలు ఊరు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన ఊరు. 1919లో మొదలైన సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. అలాంటి ఊళ్లో యాభై దాటిన మనిషి, చిన్నపిల్లల మధ్య చాప మీద కూర్చుని సరళీస్వరాల దగ్గర మొదలుపెట్టారు. ఎవరేమనుకుంటారోనన్న ఆలోచనే ఆయనకి లేదు. తర్వాత అవే పాఠాలు వీధిలో పిల్లలకి చెప్పారు. ఫీజు మాట ఎత్తితే "ముందు టిఫిన్ తిన్నావా?" అని అడిగేవారు.

ఒక్కటే కోరుతున్నాను. పద్యంలో ఆయన కనిపించాలి.

నాగావళి:
నా పూరణ.

నౌక కొలువు ముగిసి నగరాన నిలిచెను
పిల్లవాండ్ర నెల్ల పిలిచి చేర్చి
శ్రుతియె దిక్కుఁ జూప సొగసైన లయతోడ
నోడ దిగినవాఁడె యోడ నడిపె

అయ్యకోనేరు గట్టు:
నాగావళి గారూ, మంచి ఆరంభం. యతులు నౌ–న, పి–పి, శ్రు–సొ అన్నీ సరిపోయాయి. శ్రుతిని దిక్సూచి చేయడం బాగుంది. ఓడకి దిక్కు తప్పితే ఏమవుతుందో, శ్రుతి తప్పితే కచేరీకీ అదే అవుతుంది. "సొగసైన" మాత్రం గణం కోసం వచ్చి కూర్చున్న మాటలా ఉంది. ఆయన లయ సొగసు కన్నా నిక్కచ్చి. తొడ మీద చేత్తో తాళం వేసుకుంటూ, గడియారంలా.

గోస్తని:
సాగరమ్ము వంటి సంసార మందున
దుఃఖ మనెడి యలలు తొలగఁ జేసి
మంచితనము చేత మనసులే గెలువంగ
నోడ దిగినవాఁడె యోడ నడిపె

నాగావళి:
ధార బాగుంది గోస్తని గారూ. ఎక్కడా తడబాటు లేదు.

అయ్యకోనేరు గట్టు:
ఛందస్సుకి వంక పెట్టలేను. దు–తొ యతి కూడా చక్కగా పడింది. కానీ ఈ పద్యాన్ని రేపు ఒక డాక్టరు గారికి, ఎల్లుండి ఒక బడిపంతులు గారికి చదివినా ఎక్కడా అడ్డు రాదు. ఓడ అనగానే సంసారసాగరం మన కలానికి అలవాటుగా వచ్చేస్తుంది. పోయినవారి మీద పద్యం చెప్పేటప్పుడు మనం అప్పచెప్పాల్సింది మంచితనం అన్న మాట కాదు, ఆ మనిషి చేసిన ఒక మంచి పని. మీరు ఆ వీధిలోనే పెరిగారు కదా, మీ దగ్గర లేకపోదు. మళ్లీ రండి.

చంపావతి:
కడలి విడిచి వచ్చి కడకు మా వాడలో
వీధి యరుగు మీద వీణ మీటి
వినెడి వారి మనసు వెన్నెలలోఁ దేల్చి
యోడ దిగినవాఁడె యోడ నడిపె

అయ్యకోనేరు గట్టు:
చంపావతి గారూ, రెండో పాదం దగ్గర ఆగిపోయాను. వీధి అరుగు, వీణ. ఆయన కళ్లముందే కూర్చున్నారు. అయితే మూడో పాదంలో వెన్నెల వచ్చి ఆయన్ని కప్పేసింది. "వినెడి వారు" అన్నారు. వాళ్లెవరు? సాయంత్రం ఆ అరుగు దగ్గర ఎవరు ఆగేవారో చెప్పండి, వెన్నెల అక్కర్లేదు.

చంపావతి:
నిజమేనండీ. గంటస్తంభం వైపు నుంచి ఖాళీ బండితో వచ్చే రిక్షా అన్నయ్య ఒకాయన, రోజూ ఆ అరుగుకి ఆనుకుని కాసేపు కళ్లు మూసుకునేవాడు. తాతగారు అతన్ని చూడగానే కీర్తన ఆపి, నెమ్మదిగా జోలపాటల రాగం నీలాంబరి అందుకునేవారు. మూడో పాదం మార్చాను.

కడలి విడిచి వచ్చి కడకు మా వాడలో
వీధి యరుగు మీద వీణ మీటి
యలసి వచ్చు రిక్ష యన్న కునుకుఁ దీయ
నోడ దిగినవాఁడె యోడ నడిపె

నాగావళి:
అద్భుతం. రోజంతా బండి లాగినవాడు ఒక్కసారి తాను ఎక్కి కూర్చున్నాడు, ఇంకెవరో నడిపారు. సమస్య ఇంత సహజంగా విడిపోతుందనుకోలేదు.

అయ్యకోనేరు గట్టు:
నేను చెప్పదలచుకున్నది నాగావళి గారు చెప్పేశారు. "అలసి–యన్న" స్వరయతి కూడా హాయిగా ఉంది.

వంశధార:
శ్రీకాకుళం నుంచి నమస్కారం. నేను ఆయన్ని చూడలేదు. కానీ గొల్లపల్లిలో వీణ తొలవడం చూశాను. పనస దుంగ లోపల ఉలితో తొలుస్తూ పోతుంటే, సగం పనిలో అది అచ్చం చిన్న పడవలాగే ఉంటుంది. అది తలుచుకుని రాశాను.

గొల్లపల్లి పనస కొయ్యనే నావగా
మెట్టులెల్ల నలలు, మీటు వ్రేలు
తెడ్డు గాఁగ రాగతీరమ్ములను జూపి
యోడ దిగినవాఁడె యోడ నడిపె

గోస్తని:
గొ–కొ యతి వినడానికే ఎంత బాగుందో. ఒక సందేహం. తాతగారు యుద్ధనౌకలో ఇంజన్ మనిషి కదా, తెడ్డు ఆయనకి నప్పుతుందా?

లంగరు:
నేనూ నేవీలో చేసి రిటైరైనవాడినే, అందుకని చెబుతున్నాను. నప్పుతుందండీ. ఎంత పెద్ద ఓడ మీద పనిచేసేవాడైనా శిక్షణలో పడవ లాగడం నేర్చుకోవాల్సిందే. వేలర్ అనే తెడ్ల పడవల్లో వరసగా కూర్చుని అందరూ ఒకే లెక్కకి తెడ్డు వేయాలి. ఒక్కడు తాళం తప్పితే తెడ్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. అరచేతులు బొబ్బలెక్కుతాయి. తాతగారితో నాకు పరిచయం ఉంది. "నాకు మొదటి తాళం పాఠం ఆ పడవలోనే అయింది" అనేవారు. వంశధార గారు తెలియకుండానే ఆయన మాట పట్టుకున్నారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఏటా డిసెంబర్ 4న, నేవీ డే నాడు, వీధి పిల్లల్ని కూర్చోబెట్టి కరాచీ రేవు మీద మన క్షిపణి పడవల దాడి గురించి, విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గురించి చెప్పేవారు. కథ అయ్యాక మౌత్ ఆర్గాన్ తీసి కాసేపు వాయించేవారు. ఘాజీలో పోయినవాళ్లకి కూడా అని చెప్పేవారు. సముద్రంలో పోయినవాడు ఏ దేశంవాడైనా నావికుడే అని ఆయన లెక్క. ఒకసారి పిల్లలందరినీ బస్సులో విశాఖ తీసుకెళ్లి ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూపించారు. లోపల ఆ ఇరుకు బంకులు చూశాకే పిల్లలకి మౌత్ ఆర్గాన్ ఎందుకో అర్థమైంది.

అయ్యకోనేరు గట్టు:
లంగరు గారూ, మీరు పద్యం రాయకపోయినా ఈ వారం పూరణల్లో మీ వాటా పెద్దది. వంశధార గారి పద్యంలో మెట్లు అలలు కావడం నాకు బాగా నచ్చింది. వీణ మెట్లు మైనం మీద నిలుస్తాయి, ఎండకి కాస్త కదులుతాయి కూడా. అలల్లాగే వాటినీ కనిపెట్టుకుని ఉండాలి.

చిన్నమెట్టు:
నేను తాతగారి దగ్గర వీణ నేర్చుకున్నాను. ఇంటర్ చదువుతున్నాను. పద్యం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే చెప్పండి.

జేబులోన నుండు చిన్ని వాద్యము తోడ
చెంతవారి దిగులు తీర్చె నాఁడు
ఇంట వీణ తోడ నిరుగు పొరుగు మెచ్చ
నోడ దిగినవాఁడె యోడ నడిపె

అయ్యకోనేరు గట్టు:
అమ్మా, మొదటి పద్యానికే గణాలన్నీ కుదిరాయి. జే–చి యతి వేయడం పెద్దవాళ్లకి కూడా వెంటనే తట్టదు. రెండో పాదంలో చె–తీ యతి చెల్లదు. "తీర్చె" బదులు "చెరిపె" అని చూడు. న గణం, చె–చె యతి. అర్థం కూడా దగ్గరవుతుంది. ఇంటి మీద బెంగ తీరేది కాదు, పాట ఉన్నంతసేపు చెరిగేది.

చిన్నమెట్టు:
"చెంతవారి దిగులు చెరిపె నాఁడు" అని మార్చుకున్నాను. ఇప్పుడు చదువుతుంటే తాతగారు పలక మీద స్వరాలు రాసి చెరిపేది గుర్తొస్తోంది. థాంక్స్ మాస్టారూ.

లంగరు:
తల్లీ, ఓడలో ఆయన పక్క బంకువాళ్లు ఇది వింటే ఎంత సంతోషించేవారో. ఉత్తరాలు అందని రోజుల్లో ఆ చిన్ని వాద్యమే వాళ్లకి ఉత్తరం.

గోస్తని:
గట్టు గారూ, మీరన్న దానికోసం రాత్రంతా ఆలోచించాను. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ రోజు గుర్తొచ్చింది. గాలికి చెట్లు, స్తంభాలు పడిపోయాయి, కరెంటు లేదు, రాత్రికి వీధంతా చీకటి. మా ఇంటి పెంకులు లేచిపోతే పిల్లలందరం తాతగారి మధ్యగదిలో చేరాం. అందరికీ టెన్షన్. పెద్దవాళ్ల మొహాలు చూస్తే మాకు ఇంకా భయం. ఆయన వీణ తెచ్చి మా మధ్యలో కూర్చున్నారు. గాలి హోరెక్కువైనప్పుడల్లా ఇంకాస్త గట్టిగా మీటేవారు. "దీనికన్నా పెద్ద గాలిలో ఓడ మీద నిద్రపోయాను రా, పడుకోండి" అన్నారు. ఆయన మాత్రం పడుకోలేదు.

గాలివాన రాత్రి కన్నులు గానక
పిల్ల లేడ్వఁగాను వీణఁ దెచ్చి
తెల్లవారు దాక ధీరుఁడై వాయించి
యోడ దిగినవాఁడె యోడ నడిపె

చంపావతి:
గోస్తని గారూ, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ గదిలో నేనూ ఉన్నాను.

వంశధార:
2018లో తిత్లీ మా వైపు కొబ్బరితోటల్ని పడగొట్టిన రాత్రి మాకు ఇలాంటి మనిషి ఒకరుంటే బాగుండేది.

అయ్యకోనేరు గట్టు:
ఈ వారానికి నాకు ఇదే ఉత్తమ పూరణ. ఓడ ఏదో, ఎక్కినవాళ్లెవరో, ఎక్కడి నుంచి ఎక్కడికి చేర్చాడో అన్నీ మూడు పాదాల్లో ఉన్నాయి. చీకటి నుంచి తెల్లవారేదాకా నడిపాడు. దానికి రుజువులు చంపావతి గారు, మీరు. పి–వీ యతి పవర్గ, వకారాల మైత్రి, నిర్దుష్టం.

ఒకే ఒక్క సవరణ. "ధీరుఁడై" అని మనం చెప్పక్కర్లేదు, ఆ రాత్రే చెబుతోంది. "తెల్లవారు దాక తీఁగలే పలికించి" అంటే గణాలు, యతి అలాగే నిలుస్తాయి, వీణ పలుకు కూడా పద్యంలోకి వస్తుంది. మీకు ఇష్టమైతేనే.

గోస్తని:
ఇష్టమే. "తీఁగలే పలికించి" అని ఉంచండి. సంవత్సరీకం నాడు వాళ్లింట్లో చదువుతాను.

లంగరు:
ఆ రోజు నేనూ వస్తాను. పద్యాలన్నీ ఒక కాగితం మీద రాసి వాళ్లమ్మాయి గారికి ఇద్దాం.

చిన్నమెట్టు:
తాతగారి వీణని అక్క నాకే ఇచ్చారు. తీగలు బిగించే బిరడాలు రెండు వదులయ్యాయి, గొల్లపల్లి తీసుకెళ్లి చూపించాలి. ఆ రోజుకి శ్రుతి చేసి తెస్తాను.

అయ్యకోనేరు గట్టు:
గొల్లపల్లికి నేను తీసుకెళ్తానమ్మా, ఆదివారం చెప్పు. వచ్చేవారానికి సమస్య ఇదే, ఆటవెలది నాలుగో పాదం: "వీణ లేని యింట వీణ మ్రోగె." విషయం మీ ఇష్టం. శుక్రవారం రాత్రిలోగా పంపండి.