తాగి నడిపిన కేసు మూడేళ్లకు చెరిగిపోవాలా, వద్దా?

దేవరకొండ రోడ్డు: మా తమ్ముడు నాలుగేళ్ల కింద నార్కట్‌పల్లి దగ్గర డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు. కోర్టులో ఫైన్ కట్టాడు, లైసెన్స్ ఆరు నెలలు సస్పెండ్ అయింది. ఆ తర్వాత తాగి బండెక్కింది లేదు. మొన్న ఒక స్కూల్ బస్సుకు డ్రైవర్ కావాలంటే వెళ్లాడు. పాత కేసుందని వద్దన్నారు. మూడేళ్లు దాటితే లెక్కలోకి రాదని అందరూ అంటారు కదా? ఒక్క రాత్రి తప్పును బతుకంతా మోయాలా?

పాలమూరు గుమాస్తా: అన్నా, ఆ మూడేళ్ల మాట పాత చట్టంలోది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో, మొదటి కేసు తర్వాత మూడేళ్లలోపు మళ్లీ దొరికితేనే రెండో నేరం కింద పెద్ద శిక్ష అని ఉండేది. 2019 సవరణలో ఆ ముక్క తీసేశారు. ఇప్పుడు పదేళ్లకు దొరికినా రెండో నేరమే: రెండేళ్ల దాకా జైలు, లేదా 15 వేలు ఫైన్, లేదా రెండూ. మొదటిసారికైతే ఆరు నెలల దాకా జైలు, లేదా 10 వేలు ఫైన్, లేదా రెండూ. విచిత్రం ఏంటంటే, పక్కనే ఉన్న 184లో, అంటే డేంజరస్ డ్రైవింగ్, సిగ్నల్ జంపింగ్, ఫోన్ పట్టుకుని నడపడం వంటివాటికి మూడేళ్ల గడువు అలాగే ఉంది.
ఉద్యోగం సంగతి వేరు. సీబీఎస్ఈ బడి బస్సుల నిబంధనల్లో, తాగి నడిపి ఒక్కసారి చలాన్ పడ్డవాళ్లను కూడా పెట్టుకోవద్దని ఉంది. ఎన్నేళ్ల కింద అన్న మాటే లేదు.

జడ్చర్ల అమ్మ: ఉండకూడదు కూడా. మా పాప రోజూ హైవే దాటే బస్సులోనే పోతుంది. మీ తమ్ముడు మారాడని మీకు తెలుసు అన్నా, నాకెట్లా తెలుస్తుంది? లారీ నడుపుకోమనండి, ఆటో నడుపుకోమనండి. నలభై మంది పిల్లలున్న బండి మాత్రం వద్దు.

కోదాడ టిప్పర్: అక్కా, మీ భయం సరైందే. కానీ దొరకనివాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరేం? మా ఓనర్ బండి మీద స్పీడ్ చలాన్లు కుప్పలుగా ఉన్నాయి. అవన్నీ నంబర్ ప్లేటు మీదే. ఆ బండిని ఎనభై, తొంభైలో ఉరికించిన డ్రైవర్ పని మానేసి పోయాడు, వాడి లైసెన్స్ మీద ఒక్క మచ్చ లేదు. రేపు మీ పాప బస్సు వాడే నడపొచ్చు. పైగా తెలంగాణలో 2022 మార్చిలో బైకు చలాన్లకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గింపు ఇచ్చి వసూలు చేశారు. కెమెరాకు చిక్కితే డిస్కౌంట్, పోలీసుకు చిక్కితే జీవితాంతం శిక్ష! ముందు ఈ తేడా సంగతి చూడాలి. తర్వాత ఎన్నేళ్లని కొట్లాడుకుందాం.

వనపర్తి బాబాయ్: మా అన్న కొడుకు కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ మామూలు ట్రాఫిక్ టికెట్, అంటే మన చలాన్ లాంటిది, మూడేళ్లు, తాగి నడిపితే పదేళ్లు రికార్డులో ఉంటుందట. పదేళ్లంటే తక్కువేం కాదు, కానీ ఒక హద్దుంది. మన దగ్గరా 2017 ఆగస్టులో హైదరాబాద్‌లో ట్రాఫిక్ తప్పులకు పెనాల్టీ పాయింట్లు తెచ్చినప్పుడు లెక్క 24 నెలలకే కట్టారు. ఆ లోపల 12 పాయింట్లు పడితే ఏడాది లైసెన్స్ సస్పెన్షన్. పాయింట్లు కూడా బండి మీద కాదు, మనిషి లైసెన్స్ మీద. నాకు ఆ పద్ధతే నచ్చింది.

జడ్చర్ల అమ్మ: పదేళ్లయితే ఒప్పుకుంటా. మూడేళ్లకు మాత్రం ఒప్పుకోను.

దేవరకొండ రోడ్డు: పదేళ్లకు వాడికి యాభై దాటుతుంది అక్కా, అప్పుడు ఎవరు పెట్టుకుంటారు? సరే, మీ మాట కాదనలేను. మా పిల్లల బస్సు అయితే నేనూ అడిగేవాణ్ని. గూడ్స్ బండ్లకు కూడా ఇవన్నీ చూస్తారా?

కోదాడ టిప్పర్: లైసెన్స్ జిరాక్స్ తప్ప ఏం అడగరన్నా. చిట్యాల దగ్గర ఒకాయనకు డ్రైవర్ కావాలి, మెసేజ్ పెట్టు. కేసు సంగతి మాత్రం తమ్ముణ్నే ముందు చెప్పమను. తర్వాత తెలిస్తే ఆయన ఊరుకోడు.