డాబా మీద గంజాయి మొక్కలు: కోసి పారేయవచ్చునా?

ప్రశ్న: ఇంటి యజమానురాలు, ఎం.వి.పి. కాలనీ

అందరికీ నమస్కారం. మా పై వాటాలో అద్దెకున్న ఇద్దరు అబ్బాయిలు ఈ నెల మొదట్లో ఖాళీ చేసి వెళ్ళిపోయారు. నిన్న డాబా కడిగిద్దామని వెళితే, నీళ్ళ ట్యాంకు వెనకాల మూడు కుండీలు కనబడ్డాయి. మొక్కలు నా నడుమెత్తు ఉన్నాయి. కొసల్లో గుత్తులుగా పూత ఉంది. ముట్టుకుంటే వేళ్ళకు జిగురంటుకుని, సబ్బుతో రెండుసార్లు కడిగినా వాసన వదలలేదు. ఇవి గంజాయి మొక్కలేనని మా తోటపని అతను గట్టిగా చెబుతున్నాడు. కొమ్మలు కత్తిరించి చెత్తబండిలో వేసేద్దామని మావారు అంటున్నారు. అలా చేయవచ్చునా?

జవాబు: న్యాయవాది, విశాఖపట్నం

అమ్మా, దయచేసి కత్తెర ముట్టుకోకండి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుపదార్థాల నియంత్రణ చట్టం) గంజాయి అని నిర్వచించింది మొక్క మొత్తాన్ని కాదు, పూత లేదా కాయ పట్టిన కొసలను. ఆ కొసలతో కలిసి లేని ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. అందువల్ల కుండీలో ఉన్నంతవరకు అది వేరొకరు చేసిన సాగు, మీరు కొసలు కోసి సంచిలో వేసుకుంటే మీ చేతిలో ఉన్నది గంజాయి. ఇంట్లో ఒకటి రెండు మొక్కలే కదా అన్న మినహాయింపు కూడా లేదు. 20వ సెక్షన్ ప్రకారం సాగుకు 10 ఏళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

తమ భూమిలో ఇలాంటి మొక్కలు అక్రమంగా పెరుగుతుంటే యజమాని వెంటనే అధికారులకు తెలియజేయాలని 46వ సెక్షన్ చెబుతుంది. తెలిసి తెలిసి తన ఇంటిని ఇటువంటి నేరానికి వాడుకోనిచ్చిన యజమానికి 25వ సెక్షన్ వర్తిస్తుంది. రెండింటిలోనూ అసలు ప్రశ్న మీకు ఎప్పుడు తెలిసిందన్నదే. నిన్న చూశారు కనుక ఈ రోజే చెప్పండి. మత్తుపదార్థాల సమాచారం తీసుకునే 1972 నంబరుకు గానీ, మీ పోలీస్ స్టేషన్‌కు గానీ ఫోన్ చేసి, ఆ సమయం రాసి పెట్టుకోండి. అద్దె ఒప్పందం, ఆ అబ్బాయిల ఆధార్ నకళ్ళు దగ్గర ఉంచుకోండి.

జవాబు: వ్యవసాయ శాఖ విశ్రాంత ఉద్యోగి

లాయరు గారు చెప్పినదంతా సరే గానీ, మొక్క ఏదో దూరం నుంచే ఒకసారి నిదానించి చూడండి. మన ఉత్తరాంధ్రలో నార కోసం వేసే గోగు ఆకును గంజాయి ఆకని పొరబడినవారిని నేను చాలామందిని చూశాను. గోగు ఆకు చేతివేళ్ళలా చీలినా, అడుగున అంతా ఒకే రేకుగా కలిసి ఉంటుంది. గంజాయిలో రంపపు అంచులున్న ఐదో ఏడో ఆకులు ఒకే చోటు నుంచి విడివిడిగా బయలుదేరతాయి. గోగుకు మధ్యలో ముదురు ఎరుపు మచ్చతో పెద్ద లేత పసుపు పువ్వు పూస్తుంది. గంజాయి ఆడమొక్కకు రేకులున్న పువ్వే ఉండదు, పచ్చని గుత్తిలోంచి సన్నని తెల్లని పోగులు మాత్రం బయటికి వస్తాయి. అయితే మీరు చెప్పిన ఆ జిగురు, ఆ వాసన గోగుకు ఉండవు, కాబట్టి నా అనుమానం కూడా మీ తోటపని అతని వైపే. సందేహం మిగిలినా ఫోన్ చేయడం మానకండి.

మళ్ళీ ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆకులు విడివిడిగానే ఉన్నాయి, తెల్లని పోగులు కూడా కనబడ్డాయి. మధ్యాహ్నమే ఫోన్ చేశాను. సాయంత్రం అధికారులు వచ్చి, పక్కింటివారితో సహా ఇద్దరు మధ్యవర్తుల (సాక్షుల) ఎదుట ఫొటోలు తీసి, నివేదిక రాసి, మొక్కలను వేళ్ళతో పెకలించి తీసుకువెళ్ళారు. ఎప్పుడు చూశారని నన్ను మూడుసార్లు అడిగారు. అద్దె ఒప్పందం నకలు ఇచ్చాను. మావారు ఆ మూడు కుండీలనూ ఇంకా ముట్టుకోలేదు.