ఎక్స్-మెన్ ఫస్ట్ క్లాస్: నాణెం సీను, చార్లెస్ కాళ్లు, తర్వాత చూడాల్సినవి

వీకెండ్‌షో:
సూపర్‌హీరో సినిమాలు వరసపెట్టి చూసే అలవాటు లేదు. కథాకాలం లెక్కన ఇదే ముందుదని విని 'ఎక్స్-మెన్: ఫస్ట్ క్లాస్' ఒక్కటే చూశాను. సినిమాగా బాగా నచ్చింది, ముఖ్యంగా లోహాన్ని మనసుతో కదిపే ఎరిక్ పాత్ర. కానీ కొన్ని ముడులు విడలేదు. జలాంతర్గామిలో ఎరిక్ నాణెంతో విలన్ షాని చంపుతుంటే, మనసులు చదివే స్నేహితుడు చార్లెస్ ఎందుకంతలా కేకలు పెడతాడు? చంపడం ఇష్టం లేకపోతే షాని వదిలేయొచ్చు కదా? ఇంకొకటి, చివర్లో చార్లెస్ వెన్నులో తూటా దిగి కాళ్లు పడిపోతాయి. వేరే ఎక్స్-మెన్ సినిమా క్లిప్పులో చూస్తే వయసు మళ్లిన చార్లెస్, ఎరిక్ పక్కనే నిక్షేపంగా నడుస్తున్నాడు. ఇదెలా కుదిరింది? సినిమాలో చూపించిన 1962 క్యూబా క్షిపణుల గొడవలో నిజమెంత? దీని తర్వాత ఏవి చూడాలో కూడా చెప్పండి. మొత్తం పదమూడు సినిమాలూ చూసే ఓపిక మాత్రం లేదు.

రెండోరీలు:
నాణెం సీను గురించి చెప్తాను, సినిమా మొత్తానికి ఆయువుపట్టు అదే.

షా హెల్మెట్ పెట్టుకున్నంతసేపు చార్లెస్ అతని మనసులోకి దూరలేడు. జలాంతర్గామిలో షా ఉన్న అద్దాల గది కూడా అలాంటిదే. ఎరిక్ అందులోకి అడుగుపెట్టగానే చార్లెస్‌కి అందకుండా పోతాడు. షా అతన్ని గోడకేసి కొట్టినప్పుడు అద్దం పగిలి కాసేపు మళ్లీ అందుతాడు. ఎరిక్ మాటల్లో పెట్టి, వెనకనుంచి తీగలతో హెల్మెట్ ఊడబీకుతాడు. ఆ క్షణంలోనే చార్లెస్ షాని కదలకుండా పట్టేస్తాడు. అప్పటికే షా ఒంట్లో జలాంతర్గామి అణు రియాక్టర్ శక్తి అంతా నిండి ఉంది. మీద పడిన ఏ శక్తినైనా మింగి తిరిగి వదలగలడు కాబట్టి, చార్లెస్ పట్టు సడలితే ముందు పోయేది ఎరిక్ ప్రాణం, ఆ తర్వాత మిగతావాళ్లవి. అందుకే వదలలేడు. పట్టుకుని ఉన్నంతసేపూ షా పడే బాధ తనకూ తెలుస్తుంది. అంటే ఎరిక్ చేస్తున్న హత్యకి చార్లెస్ తన ఇష్టం లేకుండానే షాని పట్టి ఇస్తున్నాడు, ఆ నాణెం తన నుదుట్లోంచి దూరుతున్నట్టు అరుస్తున్నాడు. వద్దని బతిమాలడానికి కూడా వీల్లేకుండా ఎరిక్ అదే హెల్మెట్ తన తలకి పెట్టేసుకుంటాడు. ఇద్దరి స్నేహం నిజంగా తెగింది అక్కడే, బీచ్‌లో కాదు.

ఇది చూశాక 1944 నాజీ క్యాంపు సీను మళ్లీ వేసుకుని చూడండి, అందులో షా డాక్టరు, ఎరిక్ పిల్లవాడు. డాక్టర్ గదిని మొదట ఒకవైపు నుంచే చూపిస్తారు: పుస్తకాలు, బల్ల, చాక్లెట్, పెద్దమనిషి ఇల్లులా ఉంటుంది. కెమెరా ఎదురువైపుకి తిరగ్గానే గాజు గోడ, దాని వెనక వేలాడే కోత పనిముట్లు. పిల్లవాడికి ముందునుంచీ కనిపిస్తున్నది అదే. మనకి ఆలస్యంగా చూపిస్తారు. అక్కడే నాణెం కదపమని మూడు లెక్కపెట్టి తల్లిని కాల్చేస్తాడు. జలాంతర్గామిలో ఎరిక్ కూడా మూడు లెక్కపెట్టేది అందుకే, నాణెం కూడా అదే.

ఒక సలహా. అర్జెంటీనా బార్ సీనుని అసలు ఆడియోలో, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. ఎరిక్ మొదట అక్కడ దాక్కున్న పాత నాజీలతో మర్యాదగా బీరు తాగుతాడు, మాటలు స్పానిష్ నుంచి జర్మన్‌లోకి జారతాయి, చివర్లో చేతిమీది క్యాంపు నంబరు బయటపడుతుంది. భాష మారుతున్నకొద్దీ భయం పెరుగుతుంది. మొత్తం ఒకే భాషలో డబ్ అయితే ఆ పట్టు పోతుంది.

పాతప్రింట్:
కాళ్ల విషయం. మీరు చూసిన క్లిప్పు 2006లో వచ్చిన 'ది లాస్ట్ స్టాండ్' మొదటి సీను. 'ఇరవై ఏళ్ల క్రితం' అని వేసి, చార్లెస్, ఎరిక్ కలిసి చిన్నపిల్ల జీన్ ఇంటికి వెళ్లినట్టు చూపిస్తారు. అంటే ఇంచుమించు 1980ల మధ్య. 2009లో వచ్చిన వుల్వరీన్ ఆరిజిన్స్ చివర్లోనూ చార్లెస్ నిలబడే కనిపిస్తాడు. ఫస్ట్ క్లాస్ మాత్రం 1962లోనే అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. ఈ మూడింటినీ ఒకే గీతమీద పెట్టాలని చూడకండి, కుదరదు. 1973లో జరిగే తర్వాతి సినిమా 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్'లో అతను నడుస్తాడు, దానికి కారణం ఉంది: అతని జట్టులోని శాస్త్రవేత్త హ్యాంక్ చేసిచ్చే మందు. అది కాళ్లు ఇస్తుంది, బదులుగా మనసులు చదివే శక్తి తీసేసుకుంటుంది. కానీ ఆ మందు వంక 2006 సినిమాకి పనికిరాదు. అక్కడ చార్లెస్ నడుస్తూనే శక్తి కూడా వాడతాడు.

అతకనివి ఇంకా ఉన్నాయి. 2000లో వచ్చిన మొదటి సినిమాలో చార్లెస్ తనకు 17 ఏళ్లప్పుడు ఎరిక్ పరిచయమయ్యాడంటాడు, మ్యూటెంట్లని (పుట్టుకతో వింత శక్తులున్నవాళ్లని) వెతికే యంత్రం సెరెబ్రో కట్టడంలో ఎరిక్ సాయం చేశాడంటాడు. ఫస్ట్ క్లాస్‌లో కలిసేనాటికి ఇద్దరూ ఎదిగిన మగాళ్లు, సెరెబ్రో హ్యాంక్ తయారుచేసింది. మోయిరా 1962లో సీఐఏ ఏజెంటు, 2006 సినిమాలో ఆస్పత్రిలో పనిచేసే నడివయసు డాక్టరు. షా మనిషి ఎమ్మాది మరీ ఘోరం: 1962లోనే ఎదిగిన ఆడమనిషి, ఆ తర్వాతి కాలంలో జరిగే ఆరిజిన్స్‌లో వజ్రపు చర్మం ఉన్న పడుచుపిల్ల.

దర్శకుడు మాథ్యూ వాన్ ఈ సినిమాకి ఖరారైంది 2010 మేలో, సినిమా థియేటర్లలోకొచ్చింది 2011 జూన్‌లో. ఏడాది కాస్త ఎక్కువ. ఆ కొద్ది టైమునీ పాత సినిమాల తేదీలకి అతుకులు వేయడానికి కాకుండా ఇద్దరి స్నేహానికి, విడిపోవడానికి పెట్టారు. నా లెక్కలో అది సరైన పని. 2000 సినిమా మొదట్లోని క్యాంపు గేటు సీనుని ఇంచుమించు షాటుకి షాటు మళ్లీ తీసి, అక్కడినుంచే కథ ఎత్తుకున్నారు చూడండి, ఆ ముడి మాత్రం గట్టిగా వేశారు.

అట్లాసు:
క్యూబా సంగతి. సోవియట్ క్షిపణులు, అమెరికా నౌకల కాపలా గీత, కెనడీ ప్రసంగం నిజం. సినిమా టీవీలో కనిపించేది 1962 అక్టోబర్ 22న ఆయన మాట్లాడినదే. టర్కీలో అమెరికా క్షిపణులు ఉండటం కూడా నిజమే, కానీ వాటిని పెట్టే నిర్ణయం 1959 నాటిది. సినిమాలో షా ఒక కల్నల్‌ని బెదిరించి అప్పటికప్పుడు పెట్టించినట్టు మార్చారు. అసలు సంక్షోభం అక్టోబర్ 28న సోవియట్ నేత కృశ్చేవ్ వెనక్కి తగ్గడంతో తేలిపోయింది. టర్కీవి తీసేస్తామన్న లోపాయికారీ ఒప్పందం ప్రకారం 1963 ఏప్రిల్‌కల్లా అవి అక్కడినుంచి వెళ్లిపోయాయి.

రెండు నౌకాదళాలూ ఒకే బీచ్ మీద గుళ్లు కురిపించడం పూర్తి కల్పన. గీత దాటబోయే నౌకని సోవియట్లే పేల్చేయడం కూడా అంతే. కానీ ఒక్క మనిషి మనసుమీద యుద్ధం ఆగడం అనే ఊహకి చాలా దగ్గరైనది నిజంగానే జరిగింది. అక్టోబర్ 27న బీ-59 అనే సోవియట్ జలాంతర్గామి పైకి రావాలని అమెరికా నౌకలు హెచ్చరిక బాంబులు వేశాయి. లోపల అణు టార్పెడో ఉంది. దాన్ని వదలడానికి వాసిలీ అర్ఖిపోవ్ అనే అధికారి ఒప్పుకోలేదు.

వీకెండ్‌షో:
రెండోరీలు గారూ, నాణెం సీను మళ్లీ చూశాను. మీరు చెప్పాక పూర్తిగా వేరేలా కనిపించింది. ఇక వరస చెప్పండి.

పాతప్రింట్:
మీ గమ్యం 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్' (2014). ఫస్ట్ క్లాస్‌కి అసలు కొనసాగింపు అదే. కానీ నేరుగా దూకకండి. అందులో సగం కథ పాత సినిమాల ముసలి చార్లెస్, ముసలి ఎరిక్‌లది. వాళ్లని ముందు కలవకపోతే ఇద్దరు చార్లెస్‌లు ఎదురుపడే సీను చప్పగా దాటిపోతుంది. కాబట్టి 2000 సినిమా, 2003లో వచ్చిన 'ఎక్స్2', ఆ తర్వాత ఇది. మొదటిది గంటా ముప్పావే, భయపడకండి. దాని చివర్లో ప్లాస్టిక్ జైలు గదిలో ఇద్దరూ చదరంగం ఆడతారు. ఫస్ట్ క్లాస్ చూసినవాళ్లకి ఆ బల్ల ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు.

రెండోరీలు:
లాస్ట్ స్టాండ్ వదిలేయమంటారా? ఒప్పుకోను. సినిమా అంత గొప్పగా లేకపోయినా జీన్‌కి ఏమైందో తెలియకపోతే 2014 సినిమా ముగింపులో లోగన్ (వుల్వరీన్) ముఖం ఎందుకలా మారుతుందో పట్టుబడదు. ఆరిజిన్స్ మాత్రం నిక్షేపంగా వదిలేయొచ్చు.

పాతప్రింట్:
సరే, ఆ మాట నిజమే. అది చూస్తే ఇంకో తిరకాసు వస్తుంది. లాస్ట్ స్టాండ్‌లో చార్లెస్ చనిపోతాడు, 2014 సినిమాలో బతికే ఉంటాడు. అందుకని లాస్ట్ స్టాండ్ టైటిల్స్ పూర్తయ్యేదాకా ఆగి ఆస్పత్రి సీను చూడండి. 2013లో వచ్చిన 'ది వుల్వరీన్' మొత్తం చూడక్కర్లేదు, టైటిల్స్ మధ్యలో వచ్చే విమానాశ్రయం సీను చాలు. సెక్యూరిటీ దగ్గర ట్రేలోని నాణేలు వణకడం మొదలవగానే వచ్చిందెవరో మీకు తెలిసిపోతుంది.

2014 సినిమాలో ఫస్ట్ క్లాస్ అభిమానులు తడబడే చోటు ఒకటుంది: ఫస్ట్ క్లాస్‌లోని మ్యూటెంట్లు బాన్షీ, ఏంజెల్, అజాజెల్, ఎమ్మా అసలు కనబడరు. ఏమయ్యారో విమానంలో ఎరిక్ కోపంగా పేర్లు చదివే రెండు నిమిషాల్లోనే చెప్పేస్తారు. అప్పుడు ఫోన్ చూడకండి. ఇక ఆ సినిమాకి 'రోగ్ కట్' అని 17 నిమిషాలు ఎక్కువున్న వెర్షన్ ఉంది. మొదటిసారికి థియేటర్ వెర్షనే పెట్టుకోండి, పొడుగుదాంట్లో చివరి అరగంట వేగం తగ్గుతుంది.