రెన్యువల్‌కి 30 గంటలు సరే, ఒంటరిగా ప్రాక్టీస్ చేసే సైకియాట్రిస్టు అప్‌డేట్ అవ్వడం ఎలా?

జిల్లా_సైక్:
అందరికీ నమస్తే. కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలో క్లినిక్ నడుపుతున్నాను, ఎండీ సైకియాట్రీ 2016లో అయింది. రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఇంకో ఏడు నెలల్లో ఉంది, మొన్న ఆదివారం సీఎంఈ (డాక్టర్లు చదువు కొనసాగించే కార్యక్రమాలు) సర్టిఫికెట్లన్నీ మంచం మీద పరిచి లెక్కేస్తే 19 గంటలు తేలాయి. ఐదేళ్ళకి 30 కావాలి, మిగతా 11 ఎలాగోలా అయిపోతాయి, నా బాధ అది కాదు. ఆ 19లో సగానికి పైగా డిప్రెషన్ మీదే, దాదాపు అవే స్లైడ్లు. తెల్లారుజామున బస్సెక్కి సిటీకెళ్ళి, సంతకం పెట్టి, భోజనం చేసి, సర్టిఫికెట్ పట్టుకుని రాత్రికి ఇల్లు చేరితే మర్నాడు ఓపీలో నేను చేసే పని ఏమీ మారట్లేదు.

పోయిన నెల ఒకటి జరిగింది. నేను కన్సల్టెంట్‌గా వెళ్ళే ఆసుపత్రిలో ఒక అమ్మాయిని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 89 కింద, అంటే తను సొంతంగా నిర్ణయించుకోలేని స్థితిలో, అడ్మిట్ చేశాం, వాళ్ళ అన్నయ్య నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే తన తరఫున నిలబడే మనిషి. ఇలాంటి అడ్మిషన్లని చూసే రివ్యూ బోర్డుకి ఏడు రోజుల్లోగా తెలియజేస్తే చాలనుకుంటూ ఉన్నా. రెండో రోజు సాయంత్రం వేరే పని మీద నా పీజీ బ్యాచ్‌మేట్‌కి ఫోన్ చేస్తే మాటల్లో "ఆడపేషెంటయితే మూడు రోజులేనే, మైనర్లకీ అంతే, పంపించావా" అంది. గుండె ఝల్లుమంది. ఆ రాత్రే కూర్చుని కాగితాలు సిద్ధం చేసి పొద్దున్నే పంపించాం. నేను చదువుకున్నప్పుడు పాత 1987 చట్టం, రిసెప్షన్ ఆర్డర్ (అడ్మిషన్‌కి మేజిస్ట్రేట్ ఇచ్చే ఉత్తర్వు) గురించి పరీక్షలో రెండు పేజీలు రాసినదాన్ని. కొత్త చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చేసరికి నేను ఇక్కడ ఒక్కదాన్నే ఉన్నా, పక్క గదిలో అడగడానికి సీనియర్ లేరు. చదివాను, కానీ చదివింది సమయానికి గుర్తు రాలేదు. ఆ ఫోన్ చేసి ఉండకపోతే? మీరంతా ఎలా చేస్తున్నారో దయచేసి చెప్పండి.

ఓరుగల్లు_డాక్టర్:
మేడమ్, ముందుగాల ఆ 11 గంటల సంగతి చూస్కోండి, చివరి నెల దాకా ఆగితే మస్తు టెన్షన్ అయితది. మీ రాష్ట్ర కౌన్సిల్ అక్రెడిటేషన్ ఉన్న ప్రోగ్రామేనా, క్రెడిట్ అవర్స్ ఎన్ని అన్నది సర్టిఫికెట్ మీద రాసుందా, ఫీజు కట్టకముందే కనుక్కోండి. నేనొకసారి రెండు రోజుల వర్క్‌షాప్ పోయిన, చాలా బాగుండె, తీరా చూస్తే దానికి క్రెడిట్ లేదు. ఇంకోటి, 2023 ఆగస్టు 2న ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) కొత్త రెగ్యులేషన్స్ తెచ్చి అదే నెల 23న ఆపేసింది కదా, అప్పటి ఫార్వర్డ్ మెసేజులు ఇంకా తిరుగుతనే ఉన్నయి, వాటిని నమ్ముకోకండి. ఐదేళ్ళకు 30 గంటలన్నది 2002 రెగ్యులేషన్స్ నుంచే ఉన్నది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ స్టేట్ బ్రాంచ్, సౌత్ జోన్ మీటింగులకు పోతే మన సబ్జెక్టు దొరుకుతది. మీరు చెప్పిన చట్టం సంగతి మాత్రం నాకూ గుబులు పుట్టించింది, రేపే మా రిజిస్టర్ తీసి చూస్త.

తెనాలి_టు_మాంచెస్టర్:
నేను ఇక్కడ బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్‌లో పదకొండేళ్ళుగా చేస్తున్నా. ఇక్కడి పద్ధతి చెప్తాను, అంతా గొప్పదని కాదు గానీ ఒక ముక్క మీకు పనికొస్తుంది. జీఎంసీ (ఇక్కడి డాక్టర్ల కౌన్సిల్) రీవాలిడేషన్, అంటే లైసెన్స్ కొనసాగించడానికి చేసే సమీక్ష, 2012 డిసెంబరు నుంచి ఉంది, ఐదేళ్ళకోసారి, మధ్యలో ఏటా అప్రైజల్. విచిత్రమేంటంటే జీఎంసీ ఇన్ని గంటలు అని అంకె పెట్టదు, మన రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ మాత్రం ఏడాదికి 50 అంటుంది, అంటే ఐదేళ్ళకి 250, మీ 30 పక్కన పెట్టి చూడండి. కానీ అంకె కాదు నేను చెప్పేది. పీర్ గ్రూప్ అని ఉంటుంది, మేం ఐదుగురం, ఈ ఏడాది నేను ఏం నేర్చుకోవాలో ప్లాన్ వాళ్ళ ముందు పెడతాను, వాళ్ళు "నీకు బాగా వచ్చిందే మళ్ళీ రాసుకున్నావు, రానిదేది?" అని మొహం మీదే అడుగుతారు, ఏడాది చివర్లో చేశానా లేదా చూసేదీ వాళ్ళే. ఒంటరిగా ఉంటే మనకి ఇష్టమైన టాపిక్కే పదిసార్లు చదువుతాం, రానిదాని జోలికి పోం.

2024 జనవరి నుంచి ఇక్కడ 55 ఏళ్ళ లోపు వాళ్ళకి, ఆడైనా మగైనా, వాల్‌ప్రోయేట్ (మూర్ఛకి, బైపోలార్‌కి వాడే మందు) కొత్తగా మొదలుపెట్టాలంటే ఇద్దరు స్పెషలిస్టులు విడివిడిగా ఒప్పుకోవాలి. రూల్ వచ్చిన వారమే మా గ్రూపులో నా కేసు పెట్టాను. మాట్లాడుతుంటే ఊళ్ళో మా చుట్టాలమ్మాయి గుర్తొచ్చింది, పెళ్ళికి ముందు నుంచీ అదే మాత్ర, కడుపులో బిడ్డకి ప్రమాదమని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. మీటింగ్ అవగానే వాళ్ళమ్మకి ఫోన్ చేసి, మందు సొంతంగా ఆపొద్దు, పిల్లని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మందు మార్చే సంగతి అడగండి అని చెప్పాను.

అనకాపల్లి_బెల్లం:
అమ్మా, నాకు ఇరవై రెండేళ్ళ ప్రాక్టీసు. మాంచెస్టర్ డాక్టరు గారు చెప్పింది మేం ఇక్కడ పేరు పెట్టకుండానే చేస్తున్నాం, నాలుగు ఊళ్ళ వాళ్ళం, నెలలో మొదటి గురువారం రాత్రి ఎనిమిదిన్నరకి వీడియో కాల్, ఒక్కొక్కళ్ళు ఒక్క కేసు, అదీ తేడా కొట్టిన కేసే.

ఎలా మొదలైందో చెప్తాను. ఒకాయన తొమ్మిదేళ్ళుగా లిథియం (బైపోలార్‌కి ఇచ్చే మందు) మీద హాయిగా ఉన్నాడు, చెరుకు రైతు. మే నెలలో వాళ్ళబ్బాయి తీసుకొచ్చాడు, మా కాంపౌండరు టీ ఇస్తే కప్పూ సాసరూ టకటకా కొట్టుకుంటున్నాయి, చుక్క కూడా నోటి దాకా పోలేదు, మాట ముద్దగా ఉంది, నడిపిస్తే తూలుతున్నాడు. రక్తంలో లిథియం లెవెల్ 1.9, ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ. సంచీలోంచి మాత్రలన్నీ టేబుల్ మీద పోయించాను, బీపీకి కొత్తగా ఇచ్చిన బిళ్ళలో హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంది, మోకాళ్ళకి రోజూ డైక్లోఫెనాక్, పైన ఎండలో పొలం పని. మూడూ లిథియంని పెంచేవే. మనిషి దక్కాడు, వారం ఆసుపత్రిలో ఉన్నాడు. బీపీ మందు ఇచ్చిన డాక్టరుని నేను తప్పు పట్టలేదు, ఈయన లిథియం వాడుతున్నట్టు ఆయనకి చెప్పిందెవరు?

ఆ రాత్రి నిద్ర పట్టక ముగ్గురు స్నేహితులకి ఫోన్ చేశాను, ముగ్గురి దగ్గరా ఇలాంటిది ఒక్కొక్కటి ఉంది. అప్పుడే జేబులో పెట్టుకునే కార్డు ఒకటి తెలుగులో వేయించాం, "నేను లిథియం వాడుతున్నాను, నొప్పి మాత్రలు, బీపీ మందులు ఇచ్చే ముందు నా మానసిక వైద్యుడికి ఫోన్ చేయండి, వాంతులు విరేచనాలు అయితే వెంటనే డాక్టరు దగ్గరికి పంపండి" అని. ఇప్పుడు నాలుగు క్లినిక్కుల్లోనూ ఇస్తున్నాం. దీనికి కౌన్సిల్ ఒక్క గంట కూడా ఇవ్వదు, ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. ఒక్క జాగ్రత్త, పేషెంట్ పేరు, ఊరు, ఫొటో, ప్రిస్క్రిప్షన్ ఏవీ వాట్సాప్‌లో పెట్టకండి, 2017 చట్టం సెక్షన్ 23 గోప్యత గురించే. కేసు నోటితో చెప్పుకోవడమే.

చెల్లి_కోసం:
నేను డాక్టర్ని కాదు, మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. మా చెల్లి ఆరేళ్ళుగా క్లోజపిన్ (స్కిజోఫ్రెనియాకి ఇచ్చే మందు) మీద ఉంది. రక్తపరీక్షలు మొదట్లో ప్రతివారం, తర్వాత నెలకోసారి, అవి ఎప్పుడూ తప్పలేదు. ఒకసారి మా డాక్టరు గారు కాన్ఫరెన్సుకి వెళ్ళొచ్చిన తర్వాత మొదటిసారి "మోషన్ రోజూ అవుతోందా అమ్మా" అని అడిగారు. అప్పటికి నాలుగు రోజులైంది అవక, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు మా చెల్లి. ఈ మందుతో పేగులు కదలడం ఆగిపోయి ప్రాణం మీదికి రావచ్చట, ఆయన వెంటనే మందు ఇచ్చారు, ఇప్పుడు ప్రతిసారీ అదే మొదటి ప్రశ్న. మీరు ఎక్కడికో వెళ్ళి ఏదో కొత్తది విని వస్తే ఇక్కడ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి అది తెలుస్తుందండీ.

జిల్లా_సైక్:
అందరికీ పేరుపేరునా థాంక్స్, రిప్లైలు రెండుసార్లు చదివాను. అనకాపల్లి సార్, ఆ కార్డు మ్యాటర్ నాకు పంపుతారా, మా దగ్గర లిథియం వాళ్ళు పదకొండు మంది ఉన్నారు. మోషన్ ప్రశ్న ఇవాళ సాయంత్రం ఓపీ నుంచే మొదలుపెట్టాను, క్లోజపిన్ వాడే ఇద్దరు వచ్చారు, ఒకాయన అయిదు రోజులన్నాడు. నా బ్యాచ్‌మేట్‌తోనూ పక్క జిల్లా ఇంకో మేడమ్‌తోనూ మాట్లాడాను, ముగ్గురం అయ్యాం, ఇంకో ఇద్దరు కావాలి, కోస్తాలో ఒంటరిగా చేసే వాళ్ళెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. గురువారం నాకు కుదరదు, బుధవారం రాత్రి తొమ్మిదికి అనుకుంటున్నాం. మొదటి కేసు నాదే, ఆ సెక్షన్ 89 అడ్మిషనే.